ఎవరిదీ కాని కూత

అనగనగా, మీరూ నేనూ చూడని ఒక అడవిలో, ఎర్రమట్టి గుట్టల మధ్య ఒక వాగు పారుతూ ఉండేది. వాగుకి ఇవతల గోగి అనే కుందేలు ఉండేది. అవతల ఆమె చెల్లెలు బంతి ఉండేది. ఇద్దరూ ఒకే పొదలో పుట్టారు, ఒకే గడ్డి మేసి పెరిగారు. పెళ్ళయ్యాక బంతి అవతలి గట్టుకి వెళ్ళిపోయింది. ఎండాకాలంలో వాగు ఎండితే అక్కాచెల్లెళ్ళు కలుసుకునేవారు. వానలు మొదలైతే ఇక రాకపోకలు ఉండేవి కావు.

కుందేలు గొంతు మీరెప్పుడైనా విన్నారా? వినలేదు కదూ! దానికి గొంతు ఉన్నా లేనట్టే. గోగి ఎంత అరిచినా పక్క పొద దాకా కూడా వినపడదు. మరి వానాకాలమంతా చెల్లెలు ఎలా ఉందో తెలిసేదెలా? తన కబురు చెప్పేదెలా? గోగికి ఎప్పుడూ అదే దిగులు.

అందుకు ఆ అడవిలో ఒకే ఒక్క దారి ఉండేది. ఆ దారి పేరు గోరువంక రాగమయ్య.

రాగమయ్య పెద్దగుట్ట మీద, అన్నిటికంటే ఎత్తైన మద్దిచెట్టు కొమ్మన కూర్చునేవాడు. ఎవరి గొంతైనా ఒక్కసారి వింటే చాలు, అచ్చం అలాగే పలికేవాడు. ఆయన జింకలా పలికితే జింకలే తలెత్తి చూసేవి. ఆయన ఒకరోజు గోగిని పిలిచాడు.

"గోగమ్మా, నీ కబురు నా చెవిలో చెప్పు. నీ గొంతుతోనే, ఇంకా గట్టిగా, అవతలి గట్టు దాకా వినిపిస్తాను. ఊరికే చేస్తాను తల్లీ, నాకేం ఇవ్వక్కర్లేదు" అన్నాడు.

తన గొంతు గుట్టలన్నీ దాటి మోగడం విని గోగి ఎగిరి గంతేసింది. జింకలు వచ్చాయి, కొండముచ్చులు వచ్చాయి, అడవిపందులు కూడా వచ్చాయి. అందరికీ రాగమయ్యే నోరు, రాగమయ్యే చెవి. కొన్నాళ్ళకి ఎవరికి వారు కూసుకోవడమే మానేశారు. పని సులువైపోయింది కదా, ఇక గొంతు నొప్పి చేసుకోవడం ఎందుకు?

కానీ ఆ సులువు వెనకాలే చిక్కులు వచ్చాయి.

గోగికి పిల్లలు పుట్టారు. సంబరంగా మద్దిచెట్టు దగ్గరికి పరుగెత్తింది. "రాగమయ్య గారూ, మా చెల్లెలికి చెప్పండి, పిన్ని అయిందని!"

"కాస్త ఆగమ్మా. నక్కకీ నెమలికీ తగువు నడుస్తోంది. అది చెబుతుంటే చూడు చెట్టు కింద ఎంతమంది మూగారో! మూగినవాళ్ళు ఉత్తచేతులతో రారు, తలా ఒక పండు తెస్తారు. నీ పిల్లల కబురు వినడానికి ఎవరొస్తారు?" అన్నాడు రాగమయ్య. గోగి పిల్లలు గంతులు నేర్చుకున్నాక గానీ ఆ కబురు వాగు దాటలేదు.

తర్వాత, రాగమయ్య అవతలి గట్టుకి ఎగిరి వెళ్ళినప్పుడు, బంతి నుంచి కబురు వచ్చింది. "అక్కా, మా గట్టున ఈసారి గడ్డి సరిగ్గా లేదు" అని ఆమె చెప్పింది. రాగమయ్య నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు. "అక్కా, ఉన్న గడ్డంతా నువ్వే మేస్తున్నావు, నన్నెవరు పట్టించుకుంటారు!" అని అచ్చం బంతి గొంతుతో మోగింది. అడవంతా విని చెవులు కొరుక్కుంది. గోగి ఏడ్చింది. ఎండాకాలం వచ్చి బంతి ఎదురుపడేదాకా ఆమె మీద అలిగే ఉంది. "నేనెప్పుడన్నానక్కా ఆ మాట?" అని బంతి నోరెళ్ళబెట్టింది.

ఇద్దరూ వెళ్ళి నిలదీస్తే రాగమయ్య నవ్వాడు. "కాస్త ఉప్పూకారం లేకపోతే ఎవరు వింటారమ్మా?" అన్నాడు.

గోగికి ఒళ్ళు మండింది. "అయితే నేనిక మీ చెట్టుకి రాను" అంది.

"వెళ్ళు, ఎవరు కాదన్నారు? కానీ నీ గొంతు నా దగ్గరే ఉంటుంది. వాగు నిండాక నీ చెల్లెలు నీదని గుర్తుపట్టేది నా నోట్లో ఉన్న గొంతునే. నువ్వు వెళ్ళిపోతే ఆవిడకి ఇక నువ్వు లేనట్టే" అన్నాడు రాగమయ్య, తీరిగ్గా రెక్క దువ్వుకుంటూ.

అది నిజమే. గోగి చెల్లెలితో కలిసి గుట్ట దిగి వస్తూ ముళ్ళపంది ఓబయ్య కలుగు ముందు కూలబడి ఏడ్చేసింది. పగటి నిద్ర పాడైన ఓబయ్య విసుక్కుంటూ బయటికి వచ్చాడు. ఆయనకి విసుగెక్కువ, మనసు మాత్రం మెత్తన. గోగి చెప్పిందంతా విన్నాడు. తల పైకెత్తి, తునికిచెట్టు మీద కాయలు నములుతున్న కొండముచ్చు ఎల్లన్నని పిలిచాడు.

"ఒరే ఎల్లన్నా, పులి కనబడితే నువ్వేం చేస్తావురా?"

"ఏం చేస్తాను మామా, కూస్తాను."

"అది విని జింక ఏం చేస్తుంది?"

"అదీ అరుస్తుంది."

"జింక అరుపు విని నెమలి?"

"అదీ అరుస్తుంది. అలా గుట్ట గుట్టకీ పాకిపోతుంది."

"దానికి మీరెవరైనా పోయి రాగమయ్యని అడిగారా?"

ఎల్లన్న నమలడం ఆపేశాడు. గోగి ఏడుపు ఆపేసింది.

"పులి కబురుకి పనికొచ్చిన పద్ధతి చెల్లెలి కబురుకి పనికిరాదా?" అన్నాడు ఓబయ్య.

ఆ సాయంత్రం వాగు ఇసుకలో అందరూ చేరారు. వాగు ఎండి ఉంది కాబట్టి అవతలి గట్టు వాళ్ళూ వచ్చారు. చేరితే సరా! ఒకటే గొడవ. జింకలు జింకభాషే ఉండాలన్నాయి. అడవిపందులు గురక చాలన్నాయి. నెమలి సింగారయ్యకైతే ప్రతి కబురుకీ ముందు ఒక పొగడ్త ఉండాలట, అదీ నెమళ్ళ గురించేనట! ఓబయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాక గానీ ఆయన కూర్చోలేదు.

చివరికి గోగి భయం భయంగా లేచింది. "మీ అందరికీ గొంతులున్నాయి. నాకు లేదు. నాకు కాలుంది, నేల మీద కొట్టగలను. నా కాలు కూడా మోయగలిగినంత చిన్నదిగా ఉండాలి ఆ పద్ధతి" అంది.

ఆ మాట అందరికీ నచ్చింది. ముందు ఎవరి మాటో చెప్పాలి, తర్వాత ఎవరికో చెప్పాలి, ఆ తర్వాత మాట. ఉన్నది ఉన్నట్టే అందించాలి, ఉప్పు వేయకూడదు. ఎవరి పేరుకి వాళ్ళు ఒక దరువు పెట్టుకున్నారు. ఏ గుట్ట వదిలి ఏ గుట్టకి మారినా ఆ దరువు వాళ్ళ వెంటే వెళుతుంది. గొంతున్నవాళ్ళు గొంతుతో, లేనివాళ్ళు కాలితో, ఓబయ్యలాంటి వాళ్ళు ముళ్ళతో ఆ దరువే వేయొచ్చు. వరదకి మూడు పొట్టి దెబ్బలు, ఒక సాగదీసిన దెబ్బ అనుకున్నారు.

"మరి నక్క తగువులు కూడా మోయాలా?" అని ఎవరో అడిగారు.

"నీ గుట్ట మీద ఏది అందుకోవాలో నీ ఇష్టం. తగువు నచ్చకపోతే వదిలెయ్. కానీ ఆపద కబురు మాత్రం ఎవరూ మింగకూడదు" అన్నాడు ఓబయ్య.

దానికి అందుకూత అని పేరు పెట్టుకున్నారు. విన్నవాడు అందుకుని పక్కవాడికి అందిస్తాడు కాబట్టి ఆ పేరు.

మొదట్లో నవ్వులాటగానే సాగింది. ఒకరి దరువు ఇంకొకరికి వెళ్ళేది. ఒక అడవిపందికి పొరపాటున జింక పెళ్ళి పిలుపు అందితే అది పిల్లాపాపలతో సహా వెళ్ళి కడుపునిండా తిని వచ్చింది. పోనీలెండి, పెళ్ళివారు కూడా ఏమీ అనుకోలేదు. కొన్నాళ్ళకి అందరికీ దరువు పట్టుబడింది. బంతి పొద్దున ఒక మాట అంటే మధ్యాహ్నానికి గోగి చెవిన పడేది, చెక్కుచెదరకుండా. మద్దిచెట్టు కింద జనం పల్చబడ్డారు. రాగమయ్య మూతి ముడుచుకుని తనలో తానే పాడుకునేవాడు.

ఇంతటితో కథ కంచికి వెళ్ళిపోతే బాగుండేది. వెళ్ళలేదు. ఎందుకో చెబుతాను వినండి.

కొండముచ్చు ఎల్లన్న గొంతు పెద్దది. మనసు ఇంకా పెద్దది. ఎవరి కబురైనా కాదనేవాడు కాదు. ఆయన ఒక్క కూత కూస్తే మూడు గుట్టలు ఒకేసారి దాటేది. అది చూసి ఒక్కొక్కరే మెల్లగా తప్పుకున్నారు.

"నా గొంతు బొంగురుగా ఉందని పిల్లకాయలు నవ్వుతున్నారు. ఎల్లన్న ఉన్నాడుగా" అన్నాడు నెమలి సింగారయ్య. నిజానికి ఆయన గొంతు అంత పింఛానికి ఏమాత్రం తగినది కాదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"నాకు పగలు నిద్ర. ఎల్లన్న ఉన్నాడుగా" అని ఓబయ్య కలుగులోకి దూరాడు.

మరి మన గోగి? పద్ధతి చిన్నదిగా ఉండాలని అడిగింది ఆమే కదా! ఆమె కూడా అంతే. "నా కాలి చప్పుడెంత, నేనెంత? ఎల్లన్న ఉన్నాడుగా" అనుకుని గడ్డి మేసుకుంటూ కూర్చుంది. చెల్లెలి కబుర్లు వస్తున్నాయి, తన కబుర్లు వెళుతున్నాయి. అవి ఎవరి గొంతు మీద నడుస్తున్నాయో ఆలోచించలేదు.

వానలు మొదలయ్యాయి. వానల్లో కబుర్లు ఎక్కువ. ఎల్లన్న తెల్లారింది మొదలు చీకటి పడేదాకా కూస్తూనే ఉన్నాడు. తినడానికి కూడా కొమ్మ దిగలేదు. ఒక పొద్దున నోరు తెరిస్తే ఆయనకి గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పూర్తిగా పోయింది. ఆయన కొమ్మల్లో ముడుచుకుని పడుకున్నాడు. అడవంతా ఒక్కసారిగా మూగబోయింది. అయినా ఎవరూ కదల్లేదు. రేపటికి ఎల్లన్నకి తగ్గిపోతుందిలే అనుకున్నారు.

ఆ పొద్దునే గోగి లేతగడ్డి కోసం పెద్దగుట్ట ఎక్కింది. పైనుంచి కిందికి చూసింది. పడమటి లోయలోంచి ఎర్రటి నీళ్ళు, విరిగిన చెట్లతో సహా, వాగులోకి దూకుతున్నాయి. దిగువన అవతలి గట్టు పల్లంగా ఉంటుంది. అక్కడే బంతి పొద. బంతికి ఈమధ్యే పిల్లలు పుట్టారు. వాళ్ళకింకా సరిగ్గా పరుగు రాదు.

గోగి అరిచింది. తన అరుపు తనకే వినపడలేదు.

తలెత్తి చూస్తే పైన మద్దిచెట్టు. కొమ్మ మీద రాగమయ్య.

"రాగమయ్య గారూ! వరద! మా చెల్లెలికి చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది!"

రాగమయ్య కిందికి చూశాడు. ఎన్నాళ్ళకో ఆయన చెట్టు కిందికి ఒకరు వచ్చారు. "చెబుతాను. ఒక్క కూతతో చెబుతాను. కానీ నువ్వొక మాట ఇవ్వు. ఈ గుట్టల మీద దరువులన్నీ కట్టిపెట్టి అందరూ మళ్ళీ నా చెట్టుకే రావాలి. ఆ అందుకూత నాకు ఇచ్చేయండి. సరేనా?"

గోగి సరే అనబోయింది. చెల్లెలి ప్రాణం కంటే ఎక్కువా? నోరు తెరిచింది కూడా. కానీ ఆ సరే అనే మాట ఎలా అనాలో ఆమెకి తెలియలేదు. ఎల్లన్న తరఫున సరే అనడానికి తనెవరు? అవతలి గట్టు పందుల తరఫున? రేపు పుట్టబోయే జింకపిల్లల తరఫున?

"అది నాదైతేగా మీకివ్వడానికి! అది ఎవరిదీ కాదు రాగమయ్య గారూ!" అంది.

అన్నాక ఆమెకే ఒక సంగతి తట్టింది. ఎవరిదీ కాకపోతే, దాన్ని వాడుకోవడానికి తనకి ఎవరు అడ్డు? ఇంతసేపూ ఎవరో కూయాలని ఎందుకు చూస్తున్నట్టు?

గోగి పక్కనున్న రాతిబండ మీదికి దూకింది. వెనకకాలు ఎత్తి బండ మీద కొట్టింది. తన పేరు దరువు. చెల్లెలి పేరు దరువు. మూడు పొట్టివి, ఒక సాగదీసినది. మళ్ళీ కొట్టింది. చిన్న కాలే, చిన్న చప్పుడే. ఎవరూ పలకలేదు. కాలు చీరుకుపోయింది. అయినా ఆపలేదు. "మామా, లే మామా" అని ఏడుస్తూ కొట్టింది.

బండ కింద నేలలో ఓబయ్య నిద్రపోతున్నాడు. గొంతుతో అరిస్తే వినేవాడు కాదు. దరువు నేలలోంచి వచ్చి ఆయన పక్కటెముకల్ని తట్టింది. "ఎవరదీ, పగలు పూట!" అని తిట్టుకుంటూ లేచాడు. తిట్టు సగంలో ఆగిపోయింది. కలుగు బయటికి వచ్చి, ఒళ్ళంతా విదిలించి ముళ్ళు గలగలలాడించాడు.

వాగుకి ఇవతల ఎత్తైన రాయి మీద తడిసిన పింఛం ఆరబెట్టుకుంటున్న సింగారయ్య ఆ గలగల విన్నాడు. పిల్లకాయలు నవ్వుతారన్న సంగతి ఆ క్షణాన ఆయనకి గుర్తే లేదు. మెడ చాచి, అడవంతా అదిరిపోయేలా కూశాడు. అబ్బ, ఏం కూత అది! అంత కర్ణకఠోరమైన గొంతు ఆ పూట అడవికి అమృతంలా వినిపించింది. వరద హోరు మీదుగా అది అవతలి గట్టుకి చేరింది. అక్కడ దుంపలు తవ్వుకుంటున్న అడవిపంది తలెత్తింది. బంతి పొద వైపు పరుగెత్తింది.

గోగికి ఇదేమీ కనబడలేదు. గలగల వినిపించింది, కూత వినిపించింది, ఆ తర్వాత వాగు హోరు తప్ప మరేమీ వినిపించలేదు. కింద నీళ్ళు గట్టు మీదికి ఎక్కాయి. బంతి పొద ఉన్నచోట ఎర్రటి నీరు తిరుగుతోంది. గోగి బండ మీదే బొమ్మలా కూర్చుండిపోయింది.

చాలాసేపటికి అవతలి గట్టు ఎత్తు మీద ఒక గురక దరువు పలికింది. సింగారయ్య అందుకున్నాడు. ఓబయ్య అందుకున్నాడు. ముందు బంతి పేరు. తర్వాత గోగి పేరు. ఆ తర్వాత మాట.

"అక్కా, పిల్లల్ని పంది బావ వీపు మీద ఎక్కించుకొచ్చాడు. అందరం పైనే ఉన్నాం. పొద్దుట్నించి కాలు నేలకేసి కొడుతూనే ఉండి ఉంటావు, నువ్వేమైనా తిన్నావా?"

పంది గురకలో, నెమలి కేకలో, ముళ్ళ గలగలలో దాటి వచ్చినా అది అచ్చం బంతి మాటే. గోగి నవ్వింది. నవ్వుతూనే భోరున ఏడ్చింది.

వరద తగ్గాక ఎలుగుబంటి ఇచ్చిన పుట్టతేనె పట్టుకుని అందరూ ఎల్లన్న దగ్గరికి వెళ్ళారు. గోగి ముందుకెళ్ళి తల వంచుకుంది. "అన్నా, రాగమయ్య మమ్మల్ని తన చెట్టుకి కట్టేసుకున్నాడని తిట్టుకున్నాం. నీ విషయంలో మేమే నిన్ను కొమ్మకి కట్టేశాం" అంది. ఎల్లన్నకి గొంతు లేదు కదా, గోగి తల మీద ఒక తునికికాయ వేసి నవ్వాడు.

అప్పటినుంచి ప్రతి గుట్ట మీదా వంతులు పెట్టుకున్నారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు. వానలకి ముందు ఏ కబురూ లేకపోయినా అందరూ ఒకసారి ఉత్తినే దరువు వేసి చూసుకుంటారు, ఏ గుట్ట పలకడం లేదో తెలియడానికి. చిన్న కుందేళ్ళకి గడ్డి ఎంచుకోవడం ఎంత ముఖ్యమో కాలు కొట్టడమూ అంతే ముఖ్యమని నేర్పుతున్నారు. గోగి వంతు రోజున పెద్దగుట్ట బండ మీద ఆమె ఉండాల్సిందే. వాన పడినా ఉంటుంది, కాకపోతే కాస్త సణుగుతుంది.

ఒకరోజు ఆమె వంతులో ఉండగా రాగమయ్య కింది కొమ్మకి దిగి వచ్చాడు. ఇంకా కిందికి దిగాడు. చివరికి బండ పక్కన వాలాడు.

"గోగమ్మా, నన్ను కూడా మీలో చేర్చుకుంటారా? ఎవర్ని అడగాలి?" అన్నాడు. ఆ గొంతు ఎవరిదీ కాదు, ఆయనదే. అది ఎలా ఉంటుందో గోగి అప్పుడే మొదటిసారి విన్నది. కాస్త కీచుగా ఉంది పాపం.

గోగి జరిగి ఆయనకి చోటిచ్చింది. "అడగడానికి ఇక్కడ ఎవరూ లేరు రాగమయ్య గారూ. వినండి. విన్నది విన్నట్టు అందుకోండి. చాలు."

అంతలో దూరపు గుట్ట మీద ఏదో జింకపిల్ల పుట్టిందన్న కూత వినిపించింది. రాగమయ్య గొంతు సవరించుకున్నాడు. ఒక్క మాట కూడా కలపకుండా, తన సొంత గొంతుతో అందుకున్నాడు.

నీతి: అందరి మాటనీ మోసే దారి ఏ ఒక్కరి సొత్తూ కాకూడదు. అది ఎవరి సొత్తూ కాకుండా నిలవాలంటే మాత్రం, అందరూ తలా కాస్త మోయాలి.